అయిదు గబ్బిలాల గిన్నె

పార్థివ నామ సంవత్సర కార్తీక బహుళ విదియ, బుధవారం, గుడివాడ. గాలివానకి రాలిన ఆకంతా వాకిట్లోంచి ఎత్తిపోశాను. అటక మీద చెమ్మెక్కిన కందులు దింపి నడవలో చాప మీద ఆరబోశాను. బియ్యం చెరిగి రాళ్ళు ఏరాను. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి కుండకెత్తాను. రేషను కిరసనాయిలు వడగట్టి సీసాలో పోశాను. పాలవాడి లెక్క చూశాను, సరిపోయింది. పొయ్యి అలికి ఎసరు పెట్టబోతుండగా బందరు రైల్లో వచ్చిన ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు. మా మేనత్త పక్కింటాయన. లోపలికి రమ్మన్నా రాలేదు. "రాత్రి గాలికి మీ అత్తయ్య వంటింటి గోడ పడిందమ్మా. ఆవిడ దాని కింద ఉండిపోయింది" అన్నాడు.

నా రోజువారీ పద్దు పుస్తకంలో ఆ పేజీలో పనుల వరస అక్కడితో ఆగింది. తర్వాతి పేజీలు ఖాళీ. కర్మ ముగిసి, ఆమె చెయ్యాలనుకున్న ఒక పని కూడా నా చేతుల మీదుగా పూర్తయ్యాక ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళలో ఆమెను ఎరిగినవాళ్ళు ఉండరు. బందరులో కూడా తన వీధి మలుపు దాటితే ఆమె ఎవరికీ తెలియదు. తల్లి పోయిన నన్ను చంకనేసుకుని తెచ్చుకుని, పెళ్ళి దాకా పెంచింది. నాకు లెక్క రాయడం నేర్పింది, తనకి అక్షరం ముక్క రాకుండానే.

ఆమె పద్దుల పుస్తకం వంటింటి గోడ. పాలకి ఒక వరస, చాకలికి ఒక వరస, ఇరుగుపొరుగుకి అరువిచ్చిన బియ్యానికి ఒక వరస, బొగ్గుతో నిలువు గీతలు గీసేది. లెక్క తీరగానే అరచెయ్యి తడి చేసుకుని తుడిచేసేది. పొయ్యి పక్క గూటి కింద ఒక్క గీత మాత్రం ఎప్పుడూ తుడవలేదు. ఏటా సున్నం వేసినప్పుడు అది కప్పబడిపోయేది. సున్నం ఆరగానే బొగ్గు తీసుకుని అదే చోట మళ్ళీ గీసేది.

"అదెవరి బాకీ అత్తయ్యా?" అని చిన్నప్పుడు అడిగాను.

"చీనా ముసలమ్మది."

"ఎంత?"

"గిన్నె."

ఆ గిన్నెని వెనక్కి ఇవ్వడమే ఆమె బతుకులో మిగిలిన పని. దానికోసమే ఆమె దెబ్బలు తింది, దానికోసమే చెయ్యి ఎత్తింది. మొన్న పడింది ఆ గీత ఉన్న గోడే.

గిన్నె సంగతి చెప్పాలంటే మావయ్య సంగతి చెప్పాలి. ఆయన కుర్రతనంలో పల్టన్లో చేరాడు. చీనాలో తెల్లవాళ్ళ మీద తిరుగుబాటు లేస్తే, దాన్ని అణచడానికి ఇక్కడి నుంచి ఓడల్లో తీసుకెళ్ళిన సిపాయిల్లో ఆయనా ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దూది కోటులో చుట్టి ఈ పింగాణీ గిన్నె తెచ్చాడు.

అది రెండు అరచేతుల్లో ఇమిడేంత. ఉల్లిపొర అంత పల్చన. ఎండకి పట్టి చూస్తే అవతలి వైపు వేళ్ళ నీడ కనిపించేది. తెల్లటి పింగాణీ మీద ఒక పళ్ళకొమ్మ. అది బయట అడుగు నుంచి మొదలై, పైకి పాకి, అంచు దాటి లోపలికి దిగుతుంది. వేసినవాడు అంచు దగ్గర కుంచె ఎత్తనే లేదేమో అనిపిస్తుంది. పళ్ళు నా కంటికి మామిడిపళ్ళే, ముచ్చిక దగ్గర ఎరుపు తిరిగిన రసాలు. వాటి చుట్టూ ఎర్రటి గబ్బిలాలు ఎగురుతుంటాయి, బయట మూడు, లోపల రెండు. అడుగున నీలం రంగుతో ఏవో అక్షరాలు.

మావయ్య ఆ గిన్నెలో సారా తాగేవాడు. "చీనా రాజు గిన్నె ఇది. పల్టన్ దొరే చెప్పాడు. రాజు మూతి పెట్టిన చోట బందరువాడు మూతి పెడుతున్నాడు" అని నవ్వేవాడు. తర్వాత కథ మొదలయ్యేది. ఊరి కోట బద్దలయ్యాక ఎవడికి దొరికింది వాడిదే అన్నారట. ఆయన దూరిన ఇంట్లో మగవాళ్ళు వాకిట్లో చచ్చిపడి ఉన్నారు. ఆడవాళ్ళు మానం కోసం పెరటి బావిలో దూకారు, నీళ్ళు కనపడనంతమంది. వెనక గదిలో ఒక ముసలమ్మ ఈ గిన్నెని గుండెకి పొదువుకుని కూర్చుని ఉంది. లాగితే వదల్లేదు. తుపాకి మడమతో చేతుల మీద కొట్టాడు. "ఒక్కొక్క వేలే విరిగితే గాని వదల్లేదే, ముండ" అని అక్కడ ఆపేవాడు. ఎప్పుడూ అక్కడే.

"తర్వాత ఆవిడేమైంది?" అని మా మేనత్త అడిగేది. ప్రతిసారీ అదే ప్రశ్న, ప్రతిసారీ అదే జవాబు. ముందు చేతికందిన కుండ గోడకి పగిలేది, తర్వాత ఆమె వీపు మీద కట్టె విరిగేది. తెల్లారి పెంకులు ఎత్తుతుంటే వీధిలో వెళ్ళే కుమ్మరి, "మీ ఇంటి పుణ్యాన నా పిల్లలు మూడు పూటలా తింటున్నారమ్మా" అనేవాడు. "రేపటికి మూతలు కూడా పట్రా" అనేది ఆమె.

ఇంట్లో అన్నీ పగిలాయి గాని ఆ గిన్నె పగల్లేదు. ఒకసారి సారా పోసి ఉన్న గిన్నెని ఆయన చేతిలోంచి తీసుకోబోయింది. ఆయన ఆమె వేళ్ళు వెనక్కి విరిచాడు. ఆ చప్పుడు నేను విన్నాను, ఎండుకట్టె విరిచినట్టు. ఆమె ఎడమచేతి చివరి రెండు వేళ్ళు తర్వాత ఎప్పుడూ సాగలేదు. నేను ఏడుస్తూ గుడ్డ చుడుతుంటే, "ఊరుకోవే, ఆ ముసలమ్మకి పదీ పోయాయి. నాకు రెండేగా" అంది.

ఆమెకి పుట్టిన పిల్లలిద్దరూ పురిట్లోనే పోయారు. ఆ గిన్నె మీది గబ్బిలాలే మింగాయని వాళ్ళ అత్తగారు తేల్చింది. గబ్బిలం దూరిన కొంప పాడుపడుతుందని మన వైపు ఎవరినడిగినా చెబుతారు, ఇది అయిదింటిని మోసుకొచ్చింది. సముద్రంలో పారేసి రమ్మని కోడల్ని పంపింది. మా మేనత్త కొంగులో కట్టుకుని మంగినపూడి ఒడ్డు దాకా నడిచి, నీళ్ళు చూసి, గిన్నెతోనే తిరిగొచ్చింది. బాకీ ఒకరిదైతే ఇంకొకరికి ఇస్తే ఎలా తీరుతుందని అత్తగారినే అడిగింది. గబ్బిలాల గురించి కూడా ఆమె మాట వేరు. "గబ్బిలం చూరుకి వేలాడుతుంది గాని కొంప కూల్చదు. కూల్చేది మనిషే."

నా పెళ్ళి కుదిరిన ఏడు, భుజాన మూట వేసుకుని "చీనా పట్టు, చీనా పట్టు" అని అరుస్తూ ఒక చీనా మనిషి మా వీధిలోకి వచ్చాడు. రవికల గుడ్డ చూపించమని మా మేనత్త అరుగు మీద కూర్చోబెట్టింది. పట్టు వంక చూడనైనా చూడలేదు. లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది.

అతను వెంటనే ముట్టుకోలేదు. నీళ్ళడిగి చేతులు కడుక్కుని, రెండు చేతులా ఎత్తాడు. అడుగున అక్షరాల్ని వేలితో తడుముతూ చదివాడు. అది రాజుగారి కుమ్మరి ఆవంలో కాల్చిన గిన్నె అనీ, పుట్టినరోజు పండుగకి చేసిందనీ వచ్చీరాని తెలుగులో చెప్పాడు. ఆ పళ్ళు మామిడిపళ్ళు కావట, నిండు ఆయుష్షు ఇచ్చే పళ్ళట. మరి ఈ గబ్బిలాలేమిటని ఆమె అడిగింది.

"మంచివి అమ్మా. మా దేశంలో గబ్బిలం వస్తే దీవెన వచ్చినట్టు" అని వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పెద్ద వయసు. సంపద. జబ్బు లేని ఒళ్ళు. మంచి నడత. అయిదో వేలు దగ్గర మాట దొరక్క, కళ్ళు మూసుకుని తల పక్కకి వాల్చి చూపించాడు. నిండుగా బతికాక, నిద్రలోకి వెళ్ళినట్టు వచ్చే చావు.

మా మేనత్త ముందు నవ్వింది. "మా అత్తగారు ఇది వినకుండానే పోయింది, పాపం" అంది. తర్వాత అయిదో గబ్బిలాన్ని చూస్తూ ఉండిపోయింది. "ఆ ముసలమ్మకి దక్కనిది అదేగా" అని, గిన్నె తీసుకుపొమ్మని అతన్ని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. రాజుగారి గిన్నె మూటలో పెట్టుకుని తిరిగితే తనని దొంగ అంటారన్నాడు.

ఆ మాట అతని నోట్లో ఉండగానే మావయ్య వీధి మలుపు తిరిగాడు. చీనావాడి చేతిలో గిన్నె కనిపించింది. ఇనప పొన్ను వేసిన కర్ర ఎత్తుకుని పరిగెత్తుకొచ్చి, ఏమీ అడక్కుండా నెత్తి మీద వేశాడు. చర్మం చీలి నెత్తురు అతని కళ్ళలోకి కారింది. ఎవరో "చీనావాడు దొంగ" అని అరిచారు. అంతే, వీధి వీధంతా వచ్చిపడింది. ఎందుకు కొడుతున్నారో తెలియనివాళ్ళు కూడా కాళ్ళతో తన్నారు. మూట చింపి పట్టు ముక్కలు ఎవరికి దొరికినవి వాళ్ళు పట్టుకుపోయారు. అతను మట్టిలో ముడుచుకుపోయాడు. గిన్నె అతని కడుపు కింద, రెండు చేతుల మధ్య ఉంది. దెబ్బల్ని వీపుతోనే కాచుకున్నాడు గాని, చేతులు అడ్డం పెట్టలేదు. పెడితే గిన్నె పడిపోతుంది.

"వదలరా" అని మావయ్య అతని చేతుల మీద కొట్టాడు. వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. "వదలడేమే వీడు" అని మా మేనత్త వంక తిరిగి అరిచాడు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది. కర్రని తలకి గురిపెట్టి రెండు చేతులా పైకెత్తాడు.

ఆమె అప్పటికే లోపలికి వెళ్ళి రోకలి తెచ్చింది. ఆయన ముంజేతి మీద వేసింది. కర్ర కింద పడింది. చెయ్యి మణికట్టు దగ్గర పక్కకి వేలాడింది. తన్నేవాళ్ళు వెనక్కి జరిగారు. ఆమె రోకలి దించలేదు.

"అక్కడ నేను లేను" అంది. "ఇక్కడున్నాను."

చీనా మనిషి లేచి కూర్చుని, గిన్నెని అరుగు మీద పెట్టాడు. దాని అంచుకి అంటిన తన నెత్తుటిని చొక్కా కొసతో తుడిచాడు. ఒంటెద్దు బండిలో అతన్ని ఆసుపత్రికి పంపి, భర్త చేతికి వెదురుబద్దలు కట్టి, మా మేనత్త వీధిలోకి బయల్దేరింది. పట్టు ముక్కలు పట్టుకుపోయినవాళ్ళ ఇళ్ళకి ఇల్లిల్లూ తిరిగింది. ఎదురింటి ఇల్లాలు ముక్క ఇవ్వకుండా, "మొగుడి చెయ్యి విరగ్గొట్టి, వాడి గుడ్డల కోసం తిరుగుతున్నావా తల్లీ?" అని దెప్పింది. "చెయ్యి అతుక్కుంటుందిలే పిన్నీ, గుడ్డ ఇలా ఇవ్వు" అంది మా మేనత్త. ఒక ముక్క దొరకలేదు. దాని బదులు తన పెళ్ళిచీర పెట్టి మూట కట్టి ఆసుపత్రికి మోసుకెళ్ళింది.

చెయ్యి అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. మావయ్య మళ్ళీ దేన్నీ ఎత్తలేదు, కర్రనీ, గిన్నెనీ, అన్నం ముద్దనీ. ఆమే కలిపి నోట్లో పెట్టేది. విరిచిన చేతికి ఆ మాత్రం చెయ్యక తప్పదనేది. ఆమె శాంతమూర్తి అని నేను రాయను. ముద్ద పెడుతూ పెడుతూ, "తర్వాత ఆవిడేమైంది?" అని అడుగుతూనే ఉండేది. ఆయన పోయే ఏడు, గంజి తాగిస్తుండగా నేనూ పక్కనే ఉన్నాను. ఆయన గుటక వేసి, "తల మీద కూడా వేశానే. లేవలేదు" అన్నాడు. ఆమె ఆయన మూతి తుడిచి, మిగిలిన గంజి కూడా తాగించింది.

యుద్ధం వచ్చాక బర్మాలోని రంగం నుంచి మనవాళ్ళు అడవుల్లో పడి నడిచి వచ్చారు. దివిసీమలో ఒక పల్లెకి, రంగం ధాన్యం మిల్లులో పనిచేసిన ఒకతను చీనా భార్యతో తిరిగొచ్చాడని కిందటేడు మా మేనత్త చెవిన పడింది. వెంటనే నాకు కబురు పెట్టింది. గిన్నెని బియ్యం మూటలో దాచి ఇద్దరం బయల్దేరాం. పడవవాడు మేమెక్కడికో విని, "ఆవిడ దగ్గరికా? కప్పలు తింటుందంట, జాగ్రత్త" అన్నాడు. "రొయ్య తినే నోటితో కప్ప మాట ఎందుకయ్యా, తెడ్డు వెయ్యి" అంది మా మేనత్త.

ఆవిడ పాక ముందు ఒడ్లు దంచుతోంది. మనలాగే చీర కట్టింది, మనలాగే ముడి వేసింది. రంగంలో తెలుగువాళ్ళ మధ్య నేర్చిన తెలుగు బాగానే మాట్లాడింది. మా మేనత్త గిన్నె ఆవిడ ముందు పెట్టి చేతికిచ్చేసి రావచ్చు. అలా చెయ్యలేదు. సంగతి తెలియకుండా ఇస్తే అది ఇచ్చినట్టు కాదంది. బావి దగ్గర నుంచి మొదలుపెట్టి, ఆ పది వేళ్ళూ, తల మీద దెబ్బా, సారా, అన్నీ చెప్పింది. ఏదీ తగ్గించలేదు.

ఆవిడ రోకలి పక్కన పెట్టి లేచి వచ్చింది. మా మేనత్త రొమ్ము మీద రెండు చేతులూ వేసి ఒక్క తోపు తోసింది. అరవై దగ్గరపడ్డ మనిషి వెల్లకిలా బురదలో పడింది, మోచెయ్యి చీరుకుపోయింది. నేను అడ్డం వెళ్ళబోతే నన్ను కళ్ళతోనే ఆపి, "బాకీలో అదీ ఉందిలే" అంది.

ఆవిడ రొప్పుతూ నిలబడింది. "ఇన్నేళ్ళు ఇంట్లో పెట్టుకున్నావు. ఆ ముసలమ్మకి ఎప్పుడైనా అన్నం పెట్టావా?" అని అడిగింది.

మా మేనత్త బురదలోనే లేచి కూర్చుంది. రంగం నుంచి వచ్చే దారిలో తన తల్లిని అడవిలో వదిలేసి వచ్చానని ఆవిడ చెప్పింది. పూడ్చడానికి లేదు, పెట్టడానికి లేదు. ఆకలితో పోయినవాళ్ళు ఆకలితోనే తిరుగుతారంది. "ముందు ఆవిడకి పెట్టు. ఆవిడ తిన్నాక ఇది పట్టుకురా, తీసుకుంటాను."

"తిన్నదని నాకెలా తెలుస్తుంది?"

"మీకు ఎలా తెలుస్తుందో అలాగే."

మనకి ఎలా తెలుస్తుంది? కాకి ముడితే తెలుస్తుంది. ఆ వచ్చే అమావాస్య నుంచి మా మేనత్త తెల్లారి తలంటుకుని, అన్నం వండి, నువ్వులు చల్లి, ఆ గిన్నెలో పెట్టి పెరటి గోడ మీద ఉంచేది. పేరు తెలియని ఆ ముసలమ్మని "చీనా అమ్మా" అని పిలిచేది. మన ఇళ్ళలో పింగాణీలో ఊరగాయ పెడతారు గాని, వండిన అన్నం పెట్టరు. అది అంటు అని బంధువులు ఆమె ఇంట మంచినీళ్ళు కూడా మానేశారు. ఆమె లెక్కచెయ్యలేదు. ఆమె బాధంతా కాకితోనే. కాకులు వచ్చేవి, గోడ మీద వాలేవి, ఎర్ర గబ్బిలాల్ని చూసి ఎగిరిపోయేవి. విస్తట్లో పెట్టమని నేను సలహా ఇస్తే కసిరింది. ఆవిడ చేతుల్లోంచి లాక్కున్నది గిన్నె గాని విస్తరాకు కాదంది. అమావాస్య మీద అమావాస్య గడిచింది. నేను ఉత్తరం రాస్తే ఆమె రాయించే జవాబులో చివరి మాట ఎప్పుడూ ఒకటే, "ఇంకా తినలేదు."

మొన్న దీపావళి అమావాస్య నాడు నేను అక్కడే ఉన్నాను. ఎండ పెరట్లోకి వచ్చేసరికి ఒక ముసలి కాకి, ఒక కాలు కుంటుది, గోడ మీద వాలింది. తల అటూ ఇటూ తిప్పింది. గిన్నె అంచు మీదకి ఎక్కి, కొమ్మ అంచు దాటే చోట గోళ్ళు ఆనించి, లోపలికి వంగింది. మా మేనత్త నా మణికట్టు పట్టుకుంది. వంగిపోయిన ఆ రెండు వేళ్ళు కూడా నొక్కుకున్నాయి. కాకి మెతుకు మెతుకూ ఏరుకుని తిని పోయింది. ఆమె గిన్నె దించి కడిగింది. పున్నమి వెళ్ళాక దివిసీమకి పోదాం, గుడివాడ వెళ్ళి పనులు చక్కబెట్టుకుని రమ్మంది.

పున్నమి వెళ్ళిన మర్నాడే గాలి వచ్చింది. పక్కింటాయన చెప్పినది ఇది. ఆమె ముందు బియ్యం జాడీ మోసుకొచ్చి వాళ్ళింట్లో పెట్టింది, ఇది గుడివాడ పిల్లదానికి ఇవ్వాలని చెప్పింది. ఉండిపొమ్మంటే, వంటింటి గోడ పక్క పంచలో దూడ కట్టేసి ఉందని మళ్ళీ వెళ్ళింది. దూడ బయటికి వచ్చింది. గోడ రాళ్ళతో, మట్టితో ఆమె మీదకి వచ్చింది. నేను వెళ్ళేసరికి పైకి తీసి పడుకోబెట్టారు. మొహం ఎలా ఉందో రాయను. అయిదో గబ్బిలం ఆమె వైపు రాలేదు. తనకి అది కావాలని ఆమె ఎప్పుడూ అడగలేదు. అయినా ఆమెకి దక్కాల్సిందని నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది. ఎవరి మీద కోపమో తెలియదు.

బియ్యం జాడీ అడుగున గిన్నె ఉంది, బీట లేదు. పన్నెండో రోజు అయ్యాక పడవెక్కాను. పడవవాడు మీతో వచ్చినావిడేరీ అని అడిగాడు. చెప్పాను. అతను తెడ్డు వేశాడు.

రంగం ఆవిడ నన్ను చూసి, నా వెనక చూసి, సంగతి గ్రహించింది. "తిన్నదా?" అని మాత్రం అడిగింది. తిన్నదన్నాను. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, రెండు చేతులా గిన్నె అందుకుంది. కాసేపు గుండెకి ఆనించుకుని నిలబడింది. అటక మీద పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. కుండలోంచి అన్నం తీసి, మజ్జిగ పోసి కలిపి, ఆ గిన్నెని పక్కనే కూర్చున్న తన చిన్న కూతురి ఒళ్ళో పెట్టింది. పిల్ల రెండు చేతులా పొదువుకుని తినడం మొదలుపెట్టింది. ఎవరూ లాక్కోలేదు. అన్నం తగ్గుతున్నకొద్దీ అంచు దాటి వచ్చిన కొమ్మ బయటపడింది, తర్వాత ఒక పండు, తర్వాత తెల్లటి మజ్జిగలోంచి ఎర్రటి రెక్క ఒకటి. పిల్ల దాన్ని వేలితో గీకి చూసి, పోవడం లేదని నవ్వింది.

మార్గశిర శుద్ధ పాడ్యమి, దివిసీమ. అత్తయ్య తరఫున, చీనా ముసలమ్మకి ఇవ్వవలసిన గిన్నె ఒకటి. ముట్టింది. చెల్లు.